బులిలేకా లైన్లలో టర్కీ పాఠాలు

మా పక్కగది పెదనాన్న పోయారని బుధవారం చెరకు కొడుతుండగా కబురు వచ్చింది. ఆస్పత్రిలో జ్వరం తగ్గలేదట. పని ముగిసేదాకా మమ్మల్ని వెళ్ళనివ్వలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. బులిలేకా కూలీ లైన్లలో మా రెండు గదుల మధ్య గోడ కప్పుదాకా ఉండేది కాదు, అంతే. ఓడలో వంటవాడిగా వెళ్ళి, జబ్బుపడి అప్పట్లో టర్కీ ఏలుబడిలో ఉన్న బస్రాలో దిగిపోయి, ఒక టర్కీ ఉద్యోగి ఇంట్లో తొమ్మిదేళ్ళు వండారు. ఆ తర్వాతే గిర్మిట్ మీద, అంటే కూలీ ఒప్పందం మీద, ఫిజీ వచ్చారు. వంట చేసుకుంటూ తనలో తాను టర్కీ మాట్లాడుకునేవారు. అదేం భాషని ఒక ఆదివారం అడిగాను. పాఠం అలా మొదలైంది.

ఇది చదివే మీకూ కష్టం కాదు. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌లేర్ ఇళ్ళు, ఎవ్‌లేర్‌దే ఇళ్ళలో. ఎవే గెల్దిమ్ అంటే ఇంటికి వచ్చాను. చివరి 'మ్' మన 'ను' లాంటిది, 'నేను' అని వేరే చెప్పక్కర్లేదు. మనం పులికి అని, గొడుగుకు అని అన్నట్టే వాళ్ళూ ముందున్న అచ్చును బట్టి చివర మారుస్తారు. ఇంటికి లేర్ చేరితే, గుర్రానికి లర్: అట్‌లర్. అచ్చు అనే మాట ఆయనకు తెలియదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉదాహరణలే చెప్పేవారు. నేను తొందరపడితే ఆపేవారు.

"ఆఖరుదాకా ఇను అమ్మా. పనంతా చివరి మాటలోనే ఉంటాది."

యుద్ధం వచ్చి ఇంగ్లీషువాళ్ళకు టర్కీ శత్రువైంది. శత్రువు భాష నేర్చుకుంటే జైలేనని మా కూలీల మేస్త్రీ, సర్దార్, బెదిరించాడు. నేను వెళ్ళడం మానేశాను. ఆ వారమే కులంబర్, అంటే మా తెల్ల ఓవర్సీర్, ఆయన్ను పిలిపించి ఎవరికి నేర్పుతున్నావని అడిగాడు. ఎవరికీ లేదు సాహెబ్, నాలో నేనే బాత్ చేసుకుంటానన్నారట. రెండు రోజులు గదిలో పెట్టి తాళం వేశారు. ఈ సంగతి ఏడు నెలల తర్వాత, ఆఫీసు ఊడ్చే ఆమె చెబితే తెలిసింది.

అది విన్న ఆదివారం చేట పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డాను. ఆయన జరిగి చోటిచ్చారు.

"నిన్న ఎక్కడ ఆపాం?"

'లేదు' దగ్గర, అన్నాను. గెల్మెదిమ్ అంటే నేను రాలేదు. దాన్ని నాచేత ఒక్కసారి పలికించి, ఇక ముందుకు పోదామన్నారు.

ఆయన్ను నది ఒడ్డున పూడ్చాం. అయిదుగురమే ఉన్నాం. అటుగా ఒక చెరకు పడవ వచ్చింది. గెడ వేస్తున్న ఫిజీ మనిషి మమ్మల్ని చూసి, గెడ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. పడవ ప్రవాహానికే మెల్లగా మిల్లు వైపు సాగిపోయింది.