ప్రపంచకప్పుకు విడిది మా ఊళ్లోనే

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు టెక్కలిలో తెలిసింది. నేను పనిచేసే స్కూల్లో పిల్లల చేత మైదానం చుట్టూ పరుగు తీయిస్తున్నాను. మా అమ్మ ఫోను చేసింది. పలాసలో జీడిపప్పు ఒలిచే పనిలో కూర్చున్నాక అమ్మ సాయంత్రం దాకా ఫోను ముట్టుకోదు. అందుకే ఆ పేరు చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది.

"అమ్మీ, మాస్టారు ఎల్లిపోయారే. పొద్దున్నే. నువ్వు బయల్దేరు" అంది.

బస్సెక్కాక కూడా ఏడుపు రాలేదు. ఆ వారంలోనే ఆయన ఫోన్లో మాట్లాడిన మాటలు చెవిలో ఇంకా గంతులేస్తున్నాయి. ఈసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు జట్లు పెరిగాయి కదా, ఆటలు మూడు దేశాలు కలిసి పెడుతున్నాయి కదా, ఆ సంగతి ఆయన తన సొంత ఇంట్లో శుభకార్యంలా చెప్పారు. "సూసేవేటే గుంటా! మూడిళ్లోళ్లు కలిసి ఒక పెళ్లి సేత్తన్నారు. నేను ఏనాడో సెప్పలేదా? ఇంక మన వంతు ఎంతో దూరం నేదు!"

ఆయన మీలో ఎవరికీ తెలియకపోవచ్చు. పెద్ద ఆటగాడు కాదు, పేపర్లో ఫొటో పడిన మనిషీ కాదు. సుమ్మాదేవి స్టేషన్లో దిగి సముద్రం వైపు వస్తే ఉద్దానం కొబ్బరి తోటల మధ్య మా ఊరు. ఆ ఊరి హైస్కూల్లో ఆటలు నేర్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా రోజూ సైకిలు మీద మైదానానికి వచ్చేవారు. మెడలో విజిల్ ఉండేది కానీ ఊదేవారు కాదు, చప్పట్లు కొట్టి పిలిచేవారు. బంతిని "అల్లుడు" అనేవారు. "అల్లుణ్ణి ఎండలో కూకోబెట్టకండే, అలుగుతాడు" అనేవారు. గాలి తగ్గితే "అల్లుడికి టిఫిన్ అవలేదు" అంటూ సైకిలుకు కట్టిన పంపు తీసేవారు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. బడి అంటే భయపడే మా అమ్మ, ఆ మాట విని నవ్వి నన్ను ఆటకు పంపింది. "అల్లుడికి అంత మర్యాద సేసే మనిసి ఆడపిల్లల్ని సిన్నసూపు సూడడులే" అంది.

మా మైదానం కథ చెప్పకపోతే మాస్టారి కథ చెప్పినట్టు కాదు. అది ఒకప్పుడు కొబ్బరి తోట. మా ఊరి పెద్ద రైతుది. ఆయన్ని అందరం పెదబాబు అంటాం. తిత్లీ తుఫానుకు ఆ తోటలో ఒక్క చెట్టు నిలబడలేదు. దుంగలన్నీ తీసేశాక చదునైన ఇసక నేల మిగిలింది. ఊళ్లో అందరూ మొక్కల కోసం తిరుగుతుంటే మాస్టారు మాత్రం ఆ ఖాళీ నేల చివర నిలబడి చూస్తూ ఉండిపోయారు. మర్నాడు పెదబాబు ఇంటికి వెళ్లారు. వెనక మేమూ వెళ్లాం, పిల్లల గుంపు.

"బాబూ, ఆ నేల పిల్లలకి ఉంచండి. మొక్కలెయ్యొద్దు."

"ఏటి మాస్టారూ! ఉద్దానంలో సెట్టు నేని నేలుంటే నలుగురూ నా మొకం మీద నవ్వుతారు."

"నవ్వనీండి. ప్రపంచకప్పు పెద్దదవుతంది బాబూ. జట్లు పెరుగుతున్నాయి. ఒక్క దేశం మొయ్యలేని బరువు. ఇద్దరో ముగ్గురో కలిసి ఎత్తుకోవాల. ఆ వంతు మన దేశానికీ వత్తాది. భువనేశ్వర్లో ఆట పెడతారు. ఆడే జట్లు ఊరికే కూకోవు కదా, పొద్దుటా సాయంత్రం ఎక్కడో సాధన సెయ్యాల. ఆ ఎక్కడో ఇక్కడే ఎందుకు కాకూడదు?"

పెదబాబు చుట్ట పక్కన పెట్టి మరీ నవ్వారు. "అంటే తెల్లోళ్లకి నా తోటలో విడిదంటావు!"

"ఒక ఇంట్లో పెళ్లయితే ఊరంతా విడిది ఇత్తాం కదేటి బాబూ. ఇదీ అంతే. పెళ్లి ఆళ్లది, విడిది మనది."

ఆ మాటకు ఆయన నవ్వు ఆపారు. మా వైపు పెళ్లివారికి విడిది ఇవ్వడం అంటే చిన్న విషయం కాదు. ఎవరింట్లో దించారు, ఎలా చూసుకున్నారు అని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. పెదబాబు ఒక మాట ఇచ్చారు. "సరే. ఆళ్లు వత్తారని నువ్వు సెప్పినంత కాలం ఉంచుతాను. రారని తేలిన్నాడు నా మొక్కలు నాను ఏసుకుంటాను."

అలా వచ్చింది మా మైదానం. ఆ రోజు నుంచి ప్రపంచకప్పు మన దేశానికి వచ్చే అవకాశాల గురించి మాట్లాడటం మాస్టారికి సరదా కాదు, అవసరం. టీ కొట్టు దగ్గర, రేషన్ లైన్లో, కంచిలి బస్సులో ఎక్కడ దొరికితే అక్కడ మొదలుపెట్టేవారు. ఏ దేశంతో కలిస్తే బాగుంటుంది, వర్షాలు లేని నెలలేవి, పలాసలో ఏ రైళ్లు ఆగుతాయి... "మాస్టారూ, కప్పు కన్నా ముందు మంచినీళ్లు తెప్పించండి" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "కప్పు వత్తే నీళ్లు వాటంతటవే వత్తాయిరా మావా, సుట్టాలకి ఉప్పునీళ్లు పోత్తామేటి?" అనేవారు.

పదిహేడేళ్ల లోపు అమ్మాయిల ప్రపంచకప్పు భువనేశ్వర్లో జరిగినప్పుడు ఆయన మా జట్టును రైల్లో తీసుకెళ్లారు. నేను ఊరు దాటి అంత దూరం వెళ్లడం అదే మొదలు. దీపాల వెలుగులో ఆ గడ్డి ఎంత పచ్చగా ఉందో చెప్పలేను! మా వయసు పిల్లలే, మన దేశం చొక్కాలు వేసుకుని పరుగున వచ్చారు. మేం గొంతులు పోయేలా అరిచాం. తీరా చూస్తే పక్కన మాస్టారు లేరు. వెతికితే మెట్ల కింద దొరికారు. గోడ పక్క నీళ్ల కాలువను వంగి చూస్తున్నారు.

"ఏటి మాస్టారూ, ఇంత దూరం వచ్చి ఆట సూడరా?"

"ఆట మీరు సూడండే. నేను విడిది సూత్తన్నాను."

మన జట్టు ఓడిపోయింది. తిరుగు రైల్లో మేం మొహాలు వేలాడేసి కూర్చుంటే ఆయన మాత్రం వెలిగిపోతున్నారు. గడ్డి కింద నీరు ఎలా ఇంకుతుందో, ఆడపిల్లల గదులకు గడియలు లోపల ఎలా ఉన్నాయో వర్ణిస్తూనే ఉన్నారు. ఊళ్లోకి రాగానే మొదట చేయించింది మా బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ. అప్పటిదాకా మేం ఒకరు మార్చుకుంటుంటే ఒకరు తలుపుకు వీపు ఆనించి నిలబడేవాళ్లం. ప్రపంచకప్పు వల్ల మాకు ఆ గడియ వచ్చింది. అది నాకు చిన్న విషయంగా ఎప్పుడూ అనిపించలేదు.

తర్వాత ఒకసారి శ్రీకాకుళం నుంచి క్రీడల అధికారి ఒకాయన మా మైదానం చూడటానికి వస్తున్నారని తెలిసింది. అమ్మాయిల శిక్షణ శిబిరానికి పనికొస్తుందా అని చూస్తారట. ఊరంతా పండగ! మాస్టారు ఆయన్ని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్లారు. ఆయన లేని ఆ కాసేపట్లో మా ఊరి పెద్దలు తమకు తోచిన మర్యాద చేశారు. మా దగ్గర ఏ అధికారి వచ్చినా ఆయన చేత మొక్క నాటించకుండా పంపరు. ఒక్క మొక్కేం బాగుంటుంది, అంత పెద్దాయనకి అని, మైదానం నిండా వరసగా గోతులు తవ్వి కొబ్బరి మొక్కలు సిద్ధంగా పెట్టేశారు. సరిగ్గా మధ్యలో, మేం ఆట మొదలుపెట్టే చోట, అన్నిటికన్నా ఎత్తు మొక్క!

మాస్టారు వచ్చి చూశారు. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, అంతలోనే పగలబడి నవ్వారు. "అయ్యా, మా జట్టులో రక్షణ ఆటగాళ్లు ఎక్కువ. కదలరు, అంతే లోపం" అని అధికారికి చెప్పారు. ఆయన కూడా నవ్వి, గీత అవతల ఒక్క మొక్క నాటి, గోతులు పూడ్చేదాకా ఆగి మా ఆట చూశారు. శిబిరం గురించి "చూద్దాం" అన్నారు. మాస్టారికి ఆ ఒక్క మాట ఏడాదికి సరిపోయింది.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. అది మాస్టారినీ వదల్లేదు. డయాలసిస్ కోసం పలాస వెళ్లడం మొదలైంది. నేను టెక్కలి నుంచి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. మంచం మీద కూడా అదే ఉత్సాహం. మిషను తిరుగుతుంటే గాల్లో వేలితో దేశాలు గీసి, ఎవరు ఎవరితో కలవాలో చెప్పేవారు. ఒకరోజు పక్క మంచం మీద ఉన్న నందిగాం రైతు నీరసంగా అడిగాడు.

"మీ కప్పు వచ్చేసరికి మనముంటామేటి మాస్టారూ?"

"మనం లేకపోతే ఏటయింది మావా? నేల ఉండాల. అది సాలు."

ఆ మాట అన్నాక ఆయన నావైపు చూశారు. 'నువ్వు సెప్పినంత కాలం ఉంచుతాను' అన్న పెదబాబు మాట ఇద్దరికీ గుర్తొచ్చిందని నాకు తెలుసు. కానీ ఆయన దాన్ని ఎత్తలేదు. మా ఊళ్లో జరిగే అమ్మాయిల పోటీలను ఈ ఏడు పెంచుదామన్నారు. ఎప్పుడూ చుట్టుపక్కల జట్లే వచ్చేవి. ఈసారి ఇచ్ఛాపురం, దాని అవతల ఒడిశాలో బరంపురం దాకా ఫోన్లు చేశారు. "ఏ కొంతమందో వత్తార్లే" అనుకున్నారు. అందరూ వస్తామన్నారు! ఆ ఆనందంలో ఉండగానే వెళ్లిపోయారు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక పెదబాబు నన్ను పిలిచారు. ఆయన మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు.

"మాస్టారు పోయాడు. ఇంక ఆళ్లు వత్తారని నాకు సెప్పే మనిసెవరున్నారే?"

మా జట్టు పిల్లలు ఎంగిలి ఆకులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"నేను సెప్తాను బాబూ" అన్నాను.

"వత్తారా మరి?"

మాస్టారు ఉంటే వస్తారనే చెప్పేవారు. నాకు అంత ధైర్యం చాలలేదు. "కప్పు ఎప్పుడొత్తాదో నాకు తెల్దు బాబూ. ఆదివారం మాత్రం బరంపురం జట్టు వత్తంది. మాస్టారే పిలిచారు. మిగతా జట్లకే మా అందరిళ్లూ సరిపోయాయి. ఆళ్లని దించడానికి సోటు నేదు. మీ ఇల్లు కావాల."

"బరంపురమోళ్లంటే పరాయి రాష్ట్రం కదా. ఇదీ అంతర్జాతీయమే!" అని అరుగు మీద ఎవరో అన్నారు. పెదబాబు నావైపు తిరిగారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు నేను ఎన్ని దేశాల జవాబులు సిద్ధం చేసుకున్నా పనికొచ్చేవి కావు.

"ఆళ్లు పొద్దున్నే ఏటి తింటారు?"

"మనలాగే బాబూ. సద్దన్నం."

"అయితే ముందే సెప్పకూడదేటే గుంటా? కుండలు తియ్యొద్దూ!" అని ఇంట్లోకి కేకేశారు.

ఆదివారం తెల్లారే సరికి ఆయన వాకిలి నిండా అమ్మాయిలు. ఒడియా మాటలు, తెలుగు మాటలు, తడి జడలు. పంపు దగ్గర సబ్బు కోసం తోపులాట. జీడిపిక్కలు ఆరబోసే గచ్చు మీద సగం పిక్కలు, సగం వాళ్ల మేజోళ్లు: ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి, జత తప్పినవి. ఆ గచ్చు చివర పెదబాబు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చేతిలో పొడవాటి కర్ర. మేజోళ్ల మీద కాకి వాలబోతే చాలు, "హుష్!" అంటూ లేచి నిలబడుతున్నారు.