వస్తానని చెప్పి వెళ్ళినవాడు

2023 జూలై 13, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు. నార్త్ కరోలినాలో, క్యారీకి దగ్గర్లోని ఒక యూనివర్సిటీలో నేను అప్పుడు రెసిడెన్స్ హాల్‌కి, అంటే హాస్టల్‌కి, సూపర్‌వైజర్‌ని. మొదట్లో అదే హాల్లో గదులు ఊడ్చే పనిలో చేరాను. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, తెలుగువీ ఇంగ్లీషువీ ఒకేసారి. ఆ తర్వాతే ఈ హోదా వచ్చింది.

వేసవిలో పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోతే హాల్ ఖాళీగా ఉంచరు, సెమినార్లకు ఇస్తారు. ఆ జూలైలో వచ్చింది యూరప్‌లో శాంతి, భద్రత అనే విషయం మీద కాలేజీ వయసు పిల్లలకు పెట్టిన సెమినార్. శాంతిభద్రతలంటే మనకు పోలీసులు గుర్తొస్తారు. ఇది ఆ సంగతి కాదు, దేశాల తగాదాల సంగతి. పొద్దున పాఠాలు. మధ్యాహ్నం పిల్లలే తలా ఒక దేశమై బల్ల చుట్టూ కూర్చుని కాల్పుల విరమణ ఒప్పందం రాసుకోవాలి. ఆ సమయంలో ఎవరి దగ్గరా ఫోన్ ఉండకూడదు. అన్నీ మా ఫ్రంట్ డెస్క్ వెనక ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తాం. మధ్యలో ఎవరికైనా ఫోన్ కావాలంటే సెమినార్ డైరెక్టర్ నుంచి డెస్క్‌కి మెసేజ్ రావాలి. అది వచ్చేదాకా తాళం తీయకూడదు. ఆ రూల్ పెట్టింది నేనే.

డెస్క్ మీద షిఫ్టుల్లో కూర్చునేది మా దగ్గర చదివే పిల్లలే. ఆ మధ్యాహ్నం మూడు దాకా శ్రీకాంత్. ఖమ్మం కుర్రాడు, ఎమ్మెస్ చదువుతున్నాడు. ఎఫ్-1 అనే చదువు వీసా మీద వచ్చినవాళ్ళు క్యాంపస్ బయట పని చేయకూడదు కాబట్టి ఆ డెస్కే అతని తిండి. సెమినార్ పిల్లల బాధ్యతలో నిర్లక్ష్యం చేస్తే సూపర్‌వైజర్ అక్కడికక్కడే తీసేయవచ్చు. అలా తీసేసిన పిల్లల్ని క్యాంపస్‌లో మరో ఆఫీసు తీసుకోదు.

మూడుకు కాస్త ముందు సెమినార్‌కు వచ్చిన ఒలేనా అనే అమ్మాయి డెస్క్ దగ్గరికి వచ్చింది. యుద్ధం మొదలయ్యాక తల్లితో కలిసి ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్ల. అన్న తారాస్ అక్కడ సైన్యంలో ఉన్నాడు. ఆ రోజు మూడు తర్వాత తనకు సిగ్నల్ దొరుకుతుందని, ఫోన్ చేస్తానని కబురు పెట్టాడు. డైరెక్టర్ హెలెన్ సరేనని నోటితో చెప్పింది కానీ మెసేజ్ ఇంకా పంపలేదు. మెసేజ్ రాగానే డెస్క్‌లో ఉన్నవాళ్ళు తీసిస్తారని శ్రీకాంత్ తన ధోరణిలో గబగబా చెప్పాడు. ఆ అమ్మాయికి సగమే అర్థమైంది. అంతలో అతని షిఫ్టు అయిపోయింది. బ్యాగు భుజాన వేసుకుని, "ఓకే, ఐ విల్ కమ్" అని బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు.

వస్తానన్నాడు కదా, తాళంచెవి కోసం వెళ్ళాడనుకుంది ఒలేనా. బెంచీ మీద కూర్చుంది.

తాళంచెవి డెస్క్ సొరుగులోనే ఉంది. మూడింటికి మేగన్ అనే అమ్మాయి వచ్చి ఆ డెస్క్‌లో కూర్చుంది. కాసేపటికి మెసేజ్ కూడా వచ్చింది. అందులో పేరు ఉంది గానీ, ఆ పేరుగల పిల్ల తన ఎదురుగానే ఉందని మేగన్‌కి తెలియదు. ఒలేనా అడగలేదు, ఎందుకంటే శ్రీకాంత్ వస్తాడు. చివరికి నేను అటు వచ్చి, సెషన్‌లో లేకుండా ఇక్కడ ఎందుకు కూర్చున్నావని అడిగాను. బీరువా తీసి ఫోన్ చేతికిస్తే మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే అటు పలకలేదు.

సాయంత్రం అయిదింటికి అందర్నీ నా ఆఫీసుకు పిలిచాను. శ్రీకాంత్‌ని తీసేయాలని ఒలేనా అంది.

శ్రీకాంత్ నా వైపు తిరిగాడు. "ఆంటీ, మీకు తెల్వదా? వస్తా అంటే పోతున్నా అనే కదా. మనోళ్ళు ఎవరైనా పోతా అంటరా? జర హెలెన్ మేడమ్‌కి చెప్పండి ఆంటీ."

"ఇక్కడ ఆంటీ లేదు," అన్నాను. "ఇంగ్లీషులో మాట్లాడు. ఆ పిల్ల ముందు మనిద్దరం తెలుగులో మాట్లాడుకుంటే, ఏదో కూడబలుక్కుంటున్నామనే అనుకుంటుంది."

అతని ముఖం మాడిపోయింది. నాకేం జాలి కలగలేదని చెప్పను. గడప దాటేటప్పుడు నేనూ వస్తాననే అంటాను. కానీ అతని తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటే, తెలుగావిడ తెలుగువాణ్ణి కాపాడుకుందన్న మాటే మిగులుతుంది.

అతనే ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. మా ఇళ్ళలో వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని అనరు, అది అశుభం, అందుకే నోటికి అలా వచ్చేసిందని. హెలెన్‌కి ఆ మాట నచ్చింది. ఇది సంస్కృతుల మధ్య వచ్చిన అపార్థం, ఇందులో ఎవరి తప్పూ లేదంది. మేగన్ నేల చూపులు చూస్తూ, "ఊరికే కూర్చుందనుకున్నాను. ఇక్కడ అందరూ కూర్చుంటారు కదా," అంది.

ఒలేనా గొంతు పెంచకుండా హెలెన్‌తో అంది. "ఒకే కాగితాన్ని రెండు పక్షాలు రెండు రకాలుగా చదువుకుంటే ఏమవుతుందో పొద్దున పాఠంలో చెప్పారు. అప్పుడు ఎవరి తప్పూ లేదని అనలేదు మీరు."

శ్రీకాంత్ ఆ పిల్ల వైపు తిరిగాడు.

"తప్పు నాదే. నేను ఆ మాట అన్నాక నువ్వు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నావు. తలుపు దగ్గర నుంచి చూశాను. ఎందుకు కూర్చున్నావని అడగలేదు. బస్సు వచ్చేస్తోంది."

ఆ చివరి ముక్క చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అతన్ని ఉంచాలో తీసేయాలో అప్పటిదాకా నేను తేల్చుకోలేదు. ఉంచుతానని చెప్పాను, ఒలేనా ఒప్పుకుంటేనే అన్నాను. ఆ పిల్ల ఆలోచించి ఒక షరతు పెట్టింది. అన్న మళ్ళీ ఎప్పుడు చేస్తాడో తెలియదు. సెమినార్ అయ్యేదాకా రోజూ మధ్యాహ్నం తన ఫోన్ బీరువాలో కాకుండా శ్రీకాంత్ ఎదుట ఉండాలి, మోగితే తెచ్చి ఇవ్వాలి. హెలెన్ అక్కడికక్కడే అనుమతి రాసిచ్చింది. నేను అతని షిఫ్టు మార్చాను.

మరుసటి వారం ఫోన్ మోగింది. శ్రీకాంత్ ఎత్తి, కట్ చేయవద్దని చెబుతూ సెషన్ గదికి పరిగెత్తాడు. దేశాలన్నీ బల్ల చుట్టూ కూర్చుని ఉండగా తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరిందని నేను చెప్పను. కనబడితే తలలు ఊపుకునేవారు, అంతే.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. మాట అనేశాక మన పని అయిపోదు. విన్నవాళ్ళు ఏం చేస్తున్నారో చూడాలి. కూర్చున్నారా, లేచారా, ఎటు వెళ్ళారు? వాళ్ళకు ఏం అర్థమైందో అక్కడ తెలుస్తుంది. నేను రిటైరయ్యేదాకా డెస్క్‌లో చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ తాళాల సంగతి కంటే ముందు ఇదే చెప్పాను.

ఆ సాయంత్రం గదిలో ఉన్నవాళ్ళం: డైరెక్టర్ హెలెన్, డెస్క్ అసిస్టెంట్లు మేగన్, శ్రీకాంత్, సెమినార్‌కు వచ్చిన ఒలేనా, సూపర్‌వైజర్ రమణమ్మ అనే నేను. గదిలో లేకపోయినా, ఎవరి కోసం కూర్చున్నామో ఆ తారాస్.