ఆర్డరు చీటీలో గౌరమ్మ పేరు

ఆళ్లగడ్డ బజారులో విశ్వేశ్వరయ్య శెట్టి మొహం తెలియని వాళ్లు ఉంటారేమో గానీ గొంతు తెలియని వాళ్లు లేరు. ఆయనది హోల్‌సేల్ కిరాణా అంగడి. చుట్టుపక్కల పల్లెల్లో, అటు ఉయ్యాలవాడ దాకా, చిన్న అంగళ్ల వాళ్లు పొద్దున్నే ఫోన్ చేసి సరుకు చెప్తారు. వాళ్లు చెప్పే ప్రతి మాటనూ ఈయన గట్టిగా తిరిగి పలుకుతాడు. "కందిపప్పు అర మూట, చక్కెర మూట, అగ్గిపెట్టెలు నాలుగు డజన్లు!" లోపలి గదిలో చాప మీద కూర్చుని భార్య గౌరమ్మ అవన్నీ చీటీ మీద రాస్తుంది. పైన సరుకు అడిగిన పార్టీ పేరు, దాని కింద గీత, గీత కింద సరుకు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పద్ధతి. నోరు ఆయనది, చెయ్యి ఆమెది. ఒక్క ఆర్డరూ తప్పిపోలేదని ఆయన పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ గౌరమ్మ కొన్నేళ్లుగా పెళ్లిళ్లకు రావడం మానేసింది. బస్సెక్కమంటే తలనొప్పి అనేది. "ఎప్పుడు చూడు ఇల్లు పట్టుకుని వేలాడతావు, బంధువులకు నేనేం చెప్పాల?" అని ఆయన విసుక్కునేవాడు. మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అలాగే విసుక్కుంటే ఆమె తలుపు దగ్గరికి వేసి చెప్పేసింది.

"దగ్గితే నిలవదయ్యా. తుమ్మితే నిలవదు. దినానికి నాలుగు చీరలు మారుస్తాండా. ఆరేండ్లయింది."

విశ్వేశ్వరయ్య వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ఎవురికీ చెప్పొద్దు. నీ కాళ్లు మొక్కుతా."

"నేనెందుకు చెప్తా గౌరీ" అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆరేళ్లు ఆమెను తిట్టినందుకు లోపల కుమిలిపోయాడు కూడా.

ఆళ్లగడ్డలో డాక్టరు దగ్గరికి పోతే బెంచీ మీద సగం మంది ఆయన ఖాతాదారులే. అందుకని ఫోనులో వెతికాడు. ఆరోగ్యం గురించిన వెబ్‌సైటు ఒకటి తెలుగులోనే దొరికింది. ఆ జబ్బు గురించి ఎంత చదువుకున్నా ఎవరూ పేరు అడగరు. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ అడుగున "మీ వివరాలు రాయండి, మా నిపుణులు ఉచితంగా సలహా ఇస్తారు" అని ఉంది. ఉచితం అన్నాక శెట్టి ఆగుతాడా? బ్యాంకు ఫారం నింపినంత శ్రద్ధగా నింపాడు. పేరు గౌరమ్మ. వయసు నలభై తొమ్మిది. ఏమిటి, ఎప్పటి నుంచి, అన్నీ రాశాడు. ఫోన్ నంబరు అన్నచోట అంగడి బోర్డు మీద ఉండే నంబరే వేశాడు. ఎవరు నంబరడిగినా ఆయన నోటికి వచ్చేది అదొక్కటే. దాని కింద చీమల బారులా సన్నటి అక్షరాలు, పక్కన ఒక చిన్న గడి. గడిలో టిక్కు పెడితే గానీ పేజీ కదల్లేదు. పప్పు మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి రాళ్లున్నాయేమో చూసే మనిషి, ఆ నాలుగు వరుసలు చదవకుండా టిక్కు పెట్టేశాడు. గౌరమ్మను ఒక్క మాట అడగలేదు. మంచి కబురు తెలిశాక చెబుదామనుకున్నాడు.

మూడో రోజు పొద్దున అంగడి కిటకిటలాడుతోంది. ఉయ్యాలవాడ సరుకు తీసుకుపోయే ఆటో సాల్మన్ రాజు మూటలు ఎత్తుతున్నాడు. ఎదురింటి రామేశ్వరమ్మ బెల్లం ముక్క నోట్లో వేసుకుని రుచి చూస్తోంది. ఫోన్ మోగింది. విశ్వేశ్వరయ్య దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులా పొట్లానికి దారం చుడుతున్నాడు.

"నమస్తే సార్, వివరాలు ఒకసారి సరిచూసుకుంటాం. పేరు గౌరమ్మ" అంది అవతల ఒక అమ్మాయి.

"గౌరమ్మా!" అని కేకేశాడు ఈయన. ఆ పేరుతో పల్లెల్లో ఇద్దరు అంగళ్ల వాళ్లున్నారు. లోపల కలం కదిలింది.

"నలభై తొమ్మిది."

"నలభై తొమ్మిదీ!"

"దగ్గినప్పుడు మూత్రం ఆగదు."

"దగ్గినప్పుడు మూత్రం ఆగదూ!"

"ఆరేళ్ల నుంచి."

"ఆరేళ్ల..." అన్నాక గానీ ఆయన బుద్ధికి ఎక్కలేదు. దారం చేతిలోంచి జారింది. ఫోన్ కింద పడింది, అందులోంచి అమ్మాయి గొంతు ఇంకా వినబడుతూనే ఉంది. సాల్మన్ రాజు మూట ముడి వైపు చూస్తూ నిలబడిపోయాడు. రామేశ్వరమ్మ బెల్లం నమలడం ఆపి, "అయ్యో, మన గౌరమ్మకా? మా అక్కకూ ఇంతే శెట్టీ" అంది. జాలిగానే అంది పాపం. ఆ జాలి ఆయనకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

లోపలికి వెళితే చాప ఖాళీ. చీటీ అక్కడే ఉంది. పైన గుండ్రటి అక్షరాల్లో 'గౌరమ్మ', కింద గీత, గీత కింద '49'. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమె పెరట్లో, తోమిన గిన్నెలనే మళ్లీ తోముతోంది.

"ఎవురో పార్టీ అనుకుని రాసుకున్న్యా" అంది తలెత్తకుండా. "నా పేరేనని తర్వాత తెలిసె."

ఆ రోజు నుంచి ఆమె చాప మీద కూర్చోలేదు. ఆయన రాయకుండా జ్ఞాపకం మీదే సరుకు పంపితే సగం ఆర్డర్లు తప్పిపోయాయి. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఒకరు ప్యాడ్లంటారు, ఒకరు కషాయమంటారు, ఎవరెవరో గౌరమ్మ పేరు పెట్టి మరీ అడుగుతారు. సిగ్గుతో విశ్వేశ్వరయ్య మిద్దె మీదికెక్కి ఆ వెబ్‌సైటు వాళ్లకు ఫోన్ చేశాడు.

"ఆ పేరు తీసేయ్ తల్లీ, నీకు పుణ్యముంటాది" అని గుసగుసగా బతిమాలాడు.

"మా దగ్గర తీసేస్తాం సార్. వేరే కంపెనీలకు వెళ్లినవి మా చేతిలో లేవు. మీరు ఒప్పుకున్నట్టు టిక్కు ఉంది కదా" అంది ఆ అమ్మాయి.

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఒప్పుకున్నది తను. ఒప్పుకోవలసింది గౌరమ్మ. ఎండలో ట్యాంకు పక్కన చతికిలబడి ఆయన చాలాసేపు కిందికి దిగలేదు.

పది రోజుల తర్వాత గౌరమ్మే అంది, "నంద్యాలకు పోదాం పా. డాక్టరమ్మకు చూపించుకుంటా." ఆయన ప్రాణం లేచొచ్చింది. క్షమించిందనే అనుకున్నాడు.

నంద్యాల ఆసుపత్రి కౌంటర్లో పిల్ల ఫోన్ నంబరు అడిగింది. అలవాటుగా ఆయన నోరు తెరుచుకుంది. గౌరమ్మ ఒక్క చూపు చూసింది. నోరు మూతపడింది.

"నంబరు లేదు తల్లీ. నేనే వచ్చి కనుక్కుంటా" అంది ఆమె.

"సమస్య ఏందమ్మా?"

"కలం ఇట్లియ్యి." చీటీ మీద తనే రాసి, నాలుగు మడతలు పెట్టి లోపలికి అందించింది.

కాసేపటికి నర్సు వచ్చి పిలిచింది. "తోడు ఎవరన్నా ఉంటే లోపలికి రావచ్చు."

విశ్వేశ్వరయ్య లేచి నిలబడ్డాడు.

"ఎవురూ లేరు" అంది గౌరమ్మ. తలుపు మూసుకుంది. నర్సు ఆయన వైపు వింతగా చూసింది. ఆయన మళ్లీ బెంచీ మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెప్పులకేసి చూస్తూ ఉండిపోయాడు.

ముప్పావుగంటకు ఆమె బయటికొచ్చింది, చేతిలోని కాగితాన్ని సంచి అడుగున పెట్టుకుంది. డాక్టరమ్మ ఏమందో, నయమవుతుందో లేదో అడగాలనుకున్నాడు ఆయన. అడిగే మొహం లేక అడగలేదు. ఆళ్లగడ్డ బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తోంది. దారిలో ఫోన్ మోగింది. ఉయ్యాలవాడ అంగడాయన.

"శెట్టన్నా, రాసుకో. కందిపప్పు మూట, చింతపండు పది కేజీలు..."

విశ్వేశ్వరయ్య జేబులోంచి బస్సు టికెట్టు తీసి, మోకాలి మీద పెట్టుకుని వంకర అక్షరాలతో రాయసాగాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన చేత్తో రాస్తున్న మొదటి ఆర్డరు అది.

"ఏందన్నా, తిరిగి చెప్పకుండా ఉండావ్? వినబడ్తాందా లేదా?"

"రాసుకుంటాండాలేప్పా" అన్నాడు విశ్వేశ్వరయ్య, పక్క సీట్లో ఉన్న గౌరమ్మకు కూడా వినబడనంత మెల్లగా.