ఆయన చూసిన దిక్కు

తార్నాక మఠం బ్రదర్ పోయారు. క్యాంపస్ క్యాంటీన్‌లో టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్‌లో తెలిసింది. మఠం హాస్టల్ పాత విద్యార్థి ఒకరు గ్రూపులో పెట్టారు: "మన ప్రియతమ ఫాదర్ ఇక లేరు." కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. బతికినన్నాళ్లూ "ఫాదర్ కాదు బిడ్డా, బ్రదర్" అని దిద్దిన మనిషి. దిద్దే నోరు మూతపడగానే ప్రమోషన్ ఇచ్చేశారు. బ్రదర్‌గానే పోతే ఏం తక్కువైందట?

తెలియని పాఠకుల కోసం చెబుతాను. క్యాథలిక్ మఠాల్లో పూజ చేసే గురువులుంటారు, వాళ్లను ఫాదర్ అంటాం. పూజ చేయని బ్రదర్లూ ఉంటారు. పెళ్లి చేసుకోం, సొంత ఆస్తి ఉంచుకోం, పెద్దల మాట దాటం అన్న ప్రమాణాలు ఇద్దరివీ ఒకటే. మా బ్రదర్ బోరు మోటారు చూసేవారు, కూరగాయలు తెచ్చేవారు, చర్చిలో బెంచీలు తుడిచేవారు, మఠం హాస్టల్లో ఉండే యూనివర్సిటీ పిల్లలకు జ్వరమొస్తే జావ కాచి ఇచ్చేవారు. ప్రమాణాలు సమానమే. భోజనాల బల్ల దగ్గర మాత్రం మఠానికి అధిపతి అయిన పెద్ద ఫాదర్ కుర్చీ ఆ చివర, ఈయన కుర్చీ వంటింటి గుమ్మం పక్కన. ఆ ఇంటికి పెద్ద అయ్యే వీలు ఆయనకు ఎన్నడూ లేదు. నేను దేవుణ్ణి నమ్మను. కానీ ఎవరి కుర్చీ ఎక్కడ వేస్తారో చూడటం నాకు అలవాటు.

మా మార్క్సిస్టు అధ్యయన బృందం సభకు ఒకసారి క్యాంపస్‌లో హాలు దొరకలేదు. పైగా వాన. లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చినవాళ్లు కూడా రోడ్డు మీదే నిలబడ్డారు. ఆయన మఠం గేటు తీసి, "గాడ ఎందుకు తడుస్తరు సార్? మెస్ హాలు ఖాళీగనే ఉన్నది, రాండ్రి" అన్నారు. కుర్చీలు తనే వేశారు. సభ మధ్యలో పెద్ద ఫాదర్ వచ్చి, అందరి ముందే నిలదీశారు.

"ఎవరిని అడిగి తెరిచారు?"

"ఎవర్నీ అడగలే ఫాదర్. వానొచ్చింది, తెరిచిన."

మర్నాడు హాలు తాళంచెవి పెద్ద ఫాదర్ గదిలోకి మారింది. ఆ తర్వాత మా సభలన్నీ కూరగాయల మడుల పక్కన రేకుల షెడ్డులో జరిగాయి. "షెడ్డు గురించి ఫాదర్ ఏం చెప్పలే గద సార్" అని నవ్వారాయన.

మా వాళ్లూ తక్కువేం కాదు. శ్రమ గౌరవం మీద గంటసేపు దంచిన వక్త ఒకడు, దిగీదిగగానే "బ్రదర్, టీ ఏమైంది?" అని కేకేశాడు. నేను వాణ్ణి కడిగెయ్యబోతే బ్రదరే ఆపారు. "ఊకోండ్రి సార్. కుర్చీలేసుడు నా పనే. కూసున్నోనికి ముందటోని వీపే కనబడ్తది. నిలబడ్డోనికి అందరి మొకాలు కనబడ్తయి."

ఒకనాడు ఆయన పైపు బిగిస్తుంటే సూటిగానే అడిగాను. మిమ్మల్ని ఫాదర్ కానివ్వలేదా? కులం అడ్డొచ్చిందా?

"కులం అడ్డం రాని ఇల్లు యాడన్న ఉంటే చెప్పుండ్రి, నేను గూడ వస్తా. గని గిది నేనే అడిగి తీసుకున్న సార్. ముందల నిలబడి చెప్పేటోళ్లు శానా మంది ఉన్నరు. పక్కన కూసునేటోడు గూడ గావాలె గద."

మరి పెద్దల మాట దాటకపోవడం బానిసత్వం కాదా అన్నాను.

"మీ పార్టీల పెద్దాయన చెప్పినంక మీరు తిరిగి మాట్లాడ్తరా?"

"మాట్లాడతాను."

"గందుకే మిమ్మల్ని బయటకు తోలిండ్రు" అని పకపకా నవ్వారు.

ఆదివారాలు షెడ్డు తాళం కోసం వెళ్లి చర్చి తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. వెనక బెంచీలో, మఠం వంటామె పక్కన, వాచ్‌మన్ పక్కన కూర్చునేవారాయన. నా వైపు నుంచి ఆయన నెత్తి మీద గుండ్రటి బట్టతల ఒక్కటే కనబడేది, కొబ్బరినూనెతో మెరుస్తూ.

ఒక ముసలి ఫాదర్ పోయినప్పుడు చర్చిలో శవపెట్టెను సర్దింది కూడా ఈయనే. తల పూజ జరిగే బలిపీఠం వైపు, కాళ్లు జనం వైపు. ఎందుకలా అంటే చెప్పారు: "గురువులనైతే జనం దిక్కు మొకం ఉండేటట్టు పెడ్తరు సార్. మామూలోళ్లనైతే బలిపీఠం దిక్కు."

ఇప్పుడు ఆయన వంతు వచ్చింది. చర్చి గేటుకు ఫ్లెక్సీ కట్టారు: వినయశీలి, నిరాడంబరుడు. ఈ వినయం అనే మాటను ఎప్పుడూ గుమ్మం పక్కన కూర్చోబెట్టినవాళ్లకే ఎందుకు తగిలిస్తాం? లోపలికి వెళ్తే పెట్టె ఉంది, కాళ్లు బలిపీఠం వైపు. నాకు ఒళ్లు మండింది. నేరుగా పెద్ద ఫాదర్ దగ్గరికి వెళ్లాను.

"చావులో కూడా రెండు దిక్కులేనా? అవే ప్రమాణాలు చేసిన మనిషి కదా. ఈ ఒక్కరోజైనా ఆయన ముఖం జనం వైపు తిప్పలేరా?"

పెద్ద ఫాదర్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఎదురు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. "మీరన్నదీ న్యాయమే. తిప్పుదాం" అన్నారు. నలుగురు లేచారు. వాళ్లతో పాటు నేనూ పెట్టె పట్టుకున్నాను.

"ముట్టకుండ్రి!"

వంటామె. లాలాపేట్ నుంచి రోజూ వచ్చి, బ్రదర్‌తో కలిసి ఆ మఠానికి వండిపెట్టిన మనిషి. కొంగు నడుముకు చుట్టుకుని వచ్చేసింది.

"ఏంది సార్ మీ లొల్లి? ఇన్నేండ్లు మా పక్కపొంటి కూసున్నడు. మేమెటు చూస్తే గటే చూసిండు. ఇయ్యాల మా దిక్కు తిప్పి పెద్దమనిషిని జేస్తరా? ఆయన అడిగిండా మిమ్మల్ని?"

అడగలేదు. నేను చెయ్యి తీసేశాను.

కోపం మాత్రం తీసెయ్యలేదు. ఆయన ఎంచుకున్న చోటు వేరు, ఆయన్ను కూర్చోబెట్టిన చోటు వేరు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కప్పెట్టేస్తామంటే నేను ఒప్పుకోను. పెద్ద ఫాదర్‌తో అక్కడే అన్నాను: "తిప్పాల్సింది పెట్టెను కాదు, మీ భోజనాల బల్లను." ఆ బల్ల తిరిగేదాకా మళ్లీ మళ్లీ అంటాను.

పూజ మొదలైంది. వెనక బెంచీ నిండిపోయింది, నాకు చోటు లేదు. నిలబడ్డాను. నిలబడితే అందరి ముఖాలూ కనబడతాయన్నారాయన. నాకు నెత్తులే కనబడ్డాయి. అన్నిటికంటే ముందు, మూత తీసిన పెట్టెలో ఎత్తు దిండు మీద, ఆ గుండ్రటి బట్టతల. ఎవరో నూనె కూడా రాసినట్టున్నారు. ట్యూబ్‌లైటు వెలుగులో మెరుస్తూ ఉంది, మా అందరితో పాటు అటే చూస్తూ.