తెలియనివి అప్పగించుకున్న భిలాయి సమావేశం

భిలాయి ఎందుకు వెళ్లావని అడిగితే నేను చెప్పే జవాబుకి చాలామంది నవ్వుతారు. ఉక్కు కర్మాగారం చూడ్డానికి కాదు, చుట్టాల పెళ్లికి కాదు, ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లాను. ఎనభైల మధ్యలో పార్వతీపురం దగ్గర ఒక మన్యం ఆస్పత్రిలో డాక్టరుగా ఉండేదాన్ని. అక్కడికి చిలకమ్మ అని కొండ ఊరి అమ్మాయి వచ్చేది, తొలి చూలు. మలేరియా రాకుండా గర్భిణులకి వారం వారం ఇచ్చే మాత్ర నా ఎదుటే మింగేది. అయినా ఏడో నెలలో చలిజ్వరం పట్టుకుంది, బిడ్డ దక్కలేదు. "మాత్ర మింగినాను గదమ్మా, మరెందుకొచ్చింది?" అని అడిగింది. నాకు తెలియదు. పెద్ద డాక్టర్లకి ఉత్తరాలు రాస్తే వాళ్లకీ తెలియదు, కాని తెలియదని మాత్రం ఒక్కరూ రాయలేదు.

సరిగ్గా అప్పుడే, రాబోయే ఏళ్లలో మలేరియా మీద దేశం ఏయే పరిశోధనలు ముందు చేయాలో తేల్చడానికి భిలాయిలో రెండు రోజుల సమావేశం పెట్టారు. మా పై అధికారికి వీలుపడక నన్ను పొమ్మన్నారు. ఆ జాబితాలో నా ప్రశ్న ఎక్కితే దేశంలో ఎవరో ఒకరు దానికి జవాబు వెతుకుతారు. ఎక్కకపోతే ఇంకో చిలకమ్మ ముందు కూడా నేను ఇలాగే నీళ్లు నమలాలి. అందుకని ఎగిరి గంతేసి బయల్దేరాను.

పార్వతీపురంలో సాయంత్రం రైలెక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్ మీదుగా తెల్లవారాక దుర్గ్‌లో దిగుతాం. రెండో తరగతి పడక టికెట్టు అప్పట్లో మా వంటి చిన్న ఉద్యోగులకి బరువేమీ కాదు. రాయగడ దాకా కొండలూ సొరంగాలూ చూడాలంటే కిటికీ పక్క సీటు కోసం కాస్త ముందుగా స్టేషనుకి వెళ్లాలి. వేసవి సెలవులు ముగిసే రోజులు కాబట్టి పెట్టె నిండా భిలాయి తెలుగువాళ్లే. ఆవకాయ జాడీలకి మనుషులకంటే మంచి చోటు దొరికింది. తల్లులు శ్రీకాకుళం యాసలో కేకలేస్తుంటే పిల్లలు హిందీలో జవాబులిస్తున్నారు. ఈ దారిలో వెళ్లేవాళ్లు రాత్రి భోజనం ఇంటి నుంచే తెచ్చుకోవడం మంచిది. టిట్లాగఢ్‌లో దొరికిన పూరీలని ఇప్పుడు కూడా క్షమించలేకపోతున్నాను.

దుర్గ్‌లో దిగి, టెంపోలో సెక్టర్ 6 వైపు వెళ్లి, అక్కడి నుంచి మా పిన్ని వాళ్ల క్వార్టరుకి రిక్షా మాట్లాడుకున్నాను. రిక్షా అతను ఛత్తీస్‌గఢీ మనిషి, మాటకారి. ఏం పని మీద వచ్చారని హిందీలో అడిగాడు. మలేరియా గురించి పెద్ద బైఠక్ ఉందన్నాను. తొక్కడం ఆపకుండానే వెనక్కి తిరిగి, "బైఠక్ సే మచ్ఛర్ మరేగా క్యా, దీదీ?" అన్నాడు. సమావేశాలతో దోమలు చస్తాయా అని! నాకు కోపం రాలేదు గాని, సాయంత్రానికి ఆ మాట మీద నమ్మకం కుదిరింది.

ఎందుకంటే మొదటి రోజంతా సొంత డబ్బానే. సమావేశ మందిరం చక్కగా ఉంది, కూలర్లు చల్లగా ఉన్నాయి, పెద్దలందరూ వచ్చారు. నాగపూర్ వైపు నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు గారు గంటసేపు స్లైడ్లు వేసి వాళ్ల ప్రాంతంలో జ్వరం ఎలా తగ్గిందో చూపించారు. తరవాతి ఆయన తన ప్రాంతంలో ఇంకా ఎక్కువ తగ్గిందన్నాడు. ఆ తరవాతి ఆయన దగ్గరైతే దాదాపు లేనే లేదట. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైంది. మరి మా ఆస్పత్రి వరండాలో వణుకుతున్నవాళ్లంతా ఎక్కడి నుంచి వస్తున్నట్టు? మాట్లాడేవాళ్ల వరసలో నాది ఆఖరి పేరు. నా వంతు రాకముందే సాయంత్రమైంది. అధ్యక్షులుగా ఉన్న ఢిల్లీ శాస్త్రవేత్త, నెరిసిన తల పెద్దాయన, కళ్లద్దాలు తీసి నుదురు రుద్దుకుంటూ, రేపు సాయంత్రం లోపల జాబితా తేలకపోతే ఢిల్లీలో కూర్చుని తామే రాసుకోవాల్సి వస్తుందని చెప్పి ముగించారు. అలా రాస్తే అందులో మన్యం గర్భిణి ఉండదని నాకు ఖాయంగా తెలుసు.

ఇంటికొచ్చేసరికి పిన్ని పనసపొట్టు కూర ఆవ పెట్టి వండింది. మా బాబాయి రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి ఈ కర్మాగారంతో పాటే పెద్దవాడయ్యాడు. అన్నాల దగ్గర నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని పకపకా నవ్వాడు.

"ఓలమ్మా, షిఫ్టు మారినప్పుడు మేవలా కబుర్లు సెప్పుకుంటే మిల్లు ఆగిపోద్ది. వచ్చినోడికి నువ్వు చేసింది చెప్పక్కర్లేదమ్మా, అది కళ్లెదురుగానే ఉంటాది. చెయ్యలేకపోనాది చెప్పాలి. ఏ బేరింగు వేడెక్కతందో, ఏ క్రేను బ్రేకు జారతందో చెప్పాలి. ఎందుకో తెలీకపోతే తెలీదనే చెప్పాలి. పరువుకి పోయి దాచీసేవనుకో, ఎనకాల వచ్చినోడి పేణం పోద్ది."

"అన్నీ చెప్పాక ఇంటికి వచ్చేయడమేనా బాబాయ్?"

"ఎక్కడొస్తావు? నీ తరవాత షిఫ్టుకొచ్చినోడు, నీ రిలీవరు, తీసుకున్నానంటేనే నువ్వు కదలాల. రిలీవరు రాకపోతే నువ్వే ఉండాల. డబుల్ డ్యూటీ."

"పండగలన్నీ ఆ డబుల్లోనే పోనాయి మాకు" అంది పిన్ని కూర వడ్డిస్తూ. ఫిర్యాదులాగే అంది గాని, ఆ మాటలో గర్వం కూడా ఉంది. నేను ఆ పూట అన్నం ఎక్కువే తిన్నాను.

మర్నాడు బాబాయి పొద్దున్న షిఫ్టుకి సైకిలు మీద వెళ్తుంటే నేనూ కర్మాగారం గేటు దాకా వెళ్లాను. వెళ్లేవాళ్ల సైకిళ్లు, వచ్చేవాళ్ల సైకిళ్లు రోడ్డు పట్టనంతగా ఉన్నాయి. తెలుగు, హిందీ, ఒరియా, బెంగాలీ అన్నీ కలిసి వినిపించాయి. ఇంతమంది ఒకరి పని ఒకరికి అప్పగించుకుంటూ, రాత్రీ పగలూ మంట ఆరనివ్వకుండా ఈ ఊరిని నడుపుతున్నారా అని ఒళ్లు పులకరించింది. అందులో మావాళ్లు కూడా ఉన్నారని ఛాతీ పొంగింది, దాచుకోవడం దేనికి?

సమావేశం మొదలవగానే అధ్యక్షులు ఎవరికైనా సూచనలున్నాయా అని మొక్కుబడిగా అడిగారు. నా చెయ్యి నాకంటే ముందే లేచింది. షిఫ్టు మార్పిడి ఎలా జరుగుతుందో, రిలీవరు, డబుల్ డ్యూటీతో సహా ఇంగ్లీషులో చెప్పేశాను. "సార్, ఈ రోజు ఎవరూ సాధించింది చెప్పవద్దు. తెలియనిది, చేయలేకపోయినది ఒక్కటి చెప్పాలి. దాన్ని ఎవరో ఒకరు తీసుకోవాలి" అన్నాను.

నాగపూర్ ప్రొఫెసరు గారి మొహం మాడిపోయింది. "డాక్టర్, మనం మిల్లు కార్మికులం కాదు" అన్నారు.

 అధ్యక్షులు కళ్లద్దాలు పెట్టుకుని, "ముందు నేనే అప్పగిస్తాను" అన్నారు. "నా ఉద్యోగమంతా ఇళ్ల గోడల మీద డీడీటీ కొట్టించాను. మేం వెళ్లగానే ఆడవాళ్లు మట్టితో అలికేస్తారు. ఎందుకని నేను ఒక్కసారి కూడా కూర్చుని అడగలేదు. ఏం చేస్తే అలకరో నాకు తెలియదు."

ఆ ఒక్క మాటతో గది మారిపోయింది. అడవి జిల్లా నుంచి వచ్చిన ఒకాయన, పొలం కాపలాకి గోడల్లేని గుడిసెల్లో పడుకునేవాళ్లకి మందు ఎక్కడ కొట్టాలో తెలియదన్నారు. భిలాయి డాక్టరు ఒకామె, రక్త పరీక్ష ఫలితం వచ్చేసరికి క్యాంప్ 2 బస్తీలోని కాంట్రాక్టు కూలీ ఇంకో పనికి వెళ్లిపోతున్నాడని, అతన్ని వెతికి పట్టుకునే దారి తెలియలేదని చెప్పారు. భోజనాలయ్యాక నాగపూర్ ప్రొఫెసరు గారే లేచారు. నిన్నటి స్లైడ్ల జోలికి పోలేదు. "నేను చూపించిన తగ్గుదలలో మా మందు వల్ల ఎంత, వానలు పడకపోవడం వల్ల ఎంత అనేది విడదీయలేకపోయాను" అని చెప్పి కూర్చున్నారు. ముందు రోజు ఆయన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో అన్నీ వెనక్కి తీసుకున్నాను. అంత పెద్ద పేరున్న మనిషి అందరి ముందూ ఆ మాట అనడం తేలిక కాదు.

చివరికి నా వంతు వచ్చింది. చిలకమ్మ సంగతి చెప్పాను. మా అడవి ఊళ్లలో గర్భిణికి ఆ మాత్ర ఇంకా పనిచేస్తోందా, పనిచేయకపోతే తల్లికీ బిడ్డకీ హాని లేకుండా ఏమివ్వాలి అని అడిగాను. ఎవరు తీసుకుంటారని అధ్యక్షులు చుట్టూ చూశారు. మిగతా ప్రశ్నలన్నిటికీ చేతులు లేచాయి. దీనికి లేవలేదు. గర్భిణుల మీద పరిశోధన అంటే ఏళ్లు పడుతుంది, బాధ్యత ఎక్కువ, పేరు తక్కువ. "తీసుకునేవాళ్లు లేకపోతే జాబితాలో పెట్టలేనమ్మా" అన్నారాయన, నొచ్చుకుంటూనే.

 నేను కూర్చోలేదు. "రిలీవరు రాలేదు సార్. కాబట్టి నేనే ఉంటాను" అన్నాను.

"నీ దగ్గర ల్యాబు ఉందా?"

"ఒక మైక్రోస్కోపు ఉంది సార్."

ఎవరో నవ్వబోయారు. ప్రొఫెసరు గారు అటు తిరిగి చూసేసరికి ఆగిపోయారు. "ల్యాబు నాది వాడుకో" అన్నారాయన నాతో. "రక్త నమూనాలు పంపు. నేనూ డబుల్ చేస్తాను." అధ్యక్షులు కలం తీసి జాబితాలో ఆ ప్రశ్నని తన చేత్తో రాశారు. నేను కూర్చుని, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

సాయంత్రం బాబాయి నన్ను దుర్గ్ స్టేషనులో దిగబెట్టడానికి వచ్చాడు. జరిగినదంతా విన్నాడు. ఎవరూ చెయ్యెత్తలేదంటే పళ్లు కొరికాడు. నేను తీసుకున్నానంటే నా భుజం తట్టాడు. ఆ తరవాత బెంచీ మీద మా పక్కన కూర్చున్న, ముక్కూమొహం తెలియని సర్దార్జీ వైపు తిరిగి, "భాయీ సాబ్, యే హమారీ బేటీ హై. దేశ్ కా మలేరియా ఇస్కీ డ్యూటీ మే హై" అన్నాడు. దేశం మలేరియా మా అమ్మాయి డ్యూటీలో ఉందని! సర్దార్జీ ఏం అర్థం చేసుకున్నాడో గాని లేచి నాకు నమస్కారం పెట్టాడు. రైలు కదిలాక కూడా బాబాయి ప్లాట్‌ఫారం మీద ఇంకెవరికో చెబుతూనే కనిపించాడు.

ఆ డ్యూటీ చాలా ఏళ్లు నడిచింది. చిలకమ్మ మింగిన మాత్ర మా వైపు సరిగ్గా పనిచేయడం లేదని చివరికి తేలింది గాని, అది మా ఒక్క ఆస్పత్రి వల్లో, ఆ ఒక్క ల్యాబు వల్లో తేలిందని కోతలు కొయ్యను. ఎందరో ఎన్నో చోట్ల కలిసి మోసిన బరువు అది. కాని నా జీవితంలో గర్వపడే పని ఏదని అడిగితే, డిగ్రీలు కాదు, ఆ గదిలో అంతమంది పెద్దవాళ్లు వరసగా లేచి "నాకు తెలియదు" అనడం చూశానే, అది చెబుతాను. ఆ జాబితా ఢిల్లీకి వెళ్లే ముందు భిలాయిలో పుట్టింది, అక్కడి పని పద్ధతిలో పుట్టింది.

ఇప్పుడు ఆ దారిన వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. రాయగడ, టిట్లాగఢ్ చుట్టుపక్కల ఊళ్లలో దిగి రాత్రుళ్లు గడిపేటట్టయితే దోమతెర పట్టుకెళ్లండి. తిరిగొచ్చాక కొన్ని వారాల్లోపు జ్వరం వస్తే ఏయే ఊళ్లలో పడుకున్నారో డాక్టరుకి చెప్పండి. మీతో గర్భిణి ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మలేరియాకి ఏం మందు వాడాలని అడగండి. ఈ రోజు వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది. చిలకమ్మ అడిగిన రోజు నా దగ్గర లేదు.