దసరా బొట్టు పెట్టిన పుస్తకం

దయ్యాలంటే నాకు నవ్వు. ఆదాయపు పన్ను శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేసినదాన్ని, కాగితం మీద రుజువు లేనిదే పక్కింటావిడ జ్వరాన్ని కూడా నమ్మనని మా ఆయన ఆటపట్టిస్తారు. ఈ సంగతి మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఒక్కొక్కటే తెరుస్తున్న రోజులు. వాటికి చెక్క క్యాబిన్లు చేసిపెట్టే ఒక కాంట్రాక్టరు రెండు లెక్కల పుస్తకాలు నడిపాడు. మాకు చూపించిన దాంట్లో వచ్చిన సొమ్ములో సగం కూడా లేదు. అసలు పుస్తకం అతని ఆఫీసు బీరువాలో నాకే దొరికింది. నాది అని చెప్పుకోదగ్గ మొదటి కేసు అది.

రెండు పుస్తకాలూ రాసింది అతని గుమాస్తా, కూకట్‌పల్లిలో ఉండే పెద్దాయన. మేం సోదా చేసిన నెలకే ఆయన గుండెపోటుతో పోయాడు. కాంట్రాక్టరుకు అంతకంటే ఏం కావాలి? బీరువాలో దొరికిన పుస్తకం తానెన్నడూ చూడలేదనీ, గుమాస్తాయే డబ్బు మింగాడనీ కోర్టులో చెప్పుకున్నాడు.

"తెలిసే దాచిండని రుజువు చేయాలమ్మా, లేకుంటే కేసు పాయె," అన్నారు మా సర్కారు వకీలు. కేసు సంగతి అటుంచితే, గుమాస్తా భార్యను తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. వీధిలో దొంగ పెళ్లాం అంటున్నారని ఆవిడ నా దగ్గర ఏడ్చింది.

కాంట్రాక్టరు బోనెక్కే రోజు పొద్దున, కోర్టుకు వెళ్తూ బస్సులో నా నోట్‌బుక్ తెరిచాను. ముందు రోజు నోట్సు కింద ఒక వాక్యం ఉంది. "దసరా బొట్టు ఏ పుస్తకానికి ఉందో చూడండి."

నేను నోట్సు ఎప్పుడూ ఇంగ్లీషులోనే రాస్తాను. ఆ నోట్‌బుక్ నా హ్యాండ్‌బ్యాగు దాటలేదు. కుడికి వాలిన అక్షరాలు, పొడుగ్గా లాగిన తలకట్లు. ఆ పుస్తకాల్లో నెలల తరబడి చదివిన గుమాస్తా రాత, పోల్చుకోలేనా?

పరుగున వెళ్లి వకీలుగారికి చెప్పాను. అన్నాళ్లూ అంకెల మీదే కళ్లు పెట్టుకుని మొదటి పేజీలు పట్టించుకోలేదు మేం. బీరువాలో దొరికినదానికి పసుపు, కుంకుమ, పైన శ్రీకారం ఉన్నాయి. మాకు చూపించినది బోసిగా ఉంది.

"దసరాకు పుస్తకాలకు బొట్టు పెట్టేది ఎవరు?" అని అడిగారు వకీలుగారు.

"నేనే. ఇంకొకరిని ముట్టనివ్వను," అన్నాడు కాంట్రాక్టరు గొప్పగా.

అప్పుడు రెండు పుస్తకాలూ అతని ముందు తెరిచి పెట్టారు. ఎన్నడూ చూడలేదన్న పుస్తకం మీదే అతను పెట్టిన బొట్టు ఉంది. దొంగ పుస్తకాన్ని అమ్మవారి ముందు పెట్టడానికి మనసు రాలేదు మహానుభావుడికి! సర్కారుకు చూపించడానికి మాత్రం వచ్చింది.

శిక్ష పడింది. గుమాస్తా ఒక్క పైసా తిన్నట్టు ఆధారం లేదని జడ్జిగారు తీర్పులో రాశారు. నాకు ఎంత గర్వమో! ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి?

కోర్టు మెట్ల మీద గుమాస్తా భార్యకు నోట్‌బుక్ చూపించాను. ఆవిడ ఆ వాక్యాన్ని వేలితో తడిమింది.

"ఆయనదేనండీ. ఏ పనీ సగంలో వదిలేసే మనిషి కాదు," అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పేజీ చింపి ఆవిడకే ఇచ్చేశాను. అది ఎవరు రాశారో, ఎలా రాశారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ సాయంత్రం ఆవిడ వాళ్ల వీధిలోకి తలెత్తుకుని నడిచింది. పక్కనే నేనూ నడిచాను.