ఉంగరాల వేళ అరిచిన నల్లతెర

నా ఒక్క వేలి వల్ల మా అక్క నిశ్చితార్థం తప్పిపోయినంత పనైంది. ఆ వేలు ఇంకా నా చేతికే ఉందంటే అది మా అమ్మ దయ.

అప్పుడు నేను గుంటూరులో ఇంటి నుంచే పనిచేసే కొత్త ప్రోగ్రామర్ని. ఎంత కొత్త అంటే, మౌసు ముట్టుకోవడం నామోషీ అనుకునేంత. కంప్యూటర్లో టెర్మినల్ అని ఒక నల్లతెర ఉంటుంది. అందులో కమాండ్లు టైపు చేస్తే పనులు జరుగుతాయి. పని తొందరగా తెమలాలని ప్రతి పొడవాటి కమాండుకూ ఒక్కక్షరం ముద్దుపేరు పెట్టాను. అక్షరాలు అయిపోయేదాకా పెట్టాను. తీరా చూస్తే ఏ అక్షరం ఏ పని చేస్తుందో నాకే గుర్తుండేది కాదు.

తప్పు కొడితే ఎర్రటి హెచ్చరిక వచ్చేది. దాన్ని నేను ఖాతరు చేస్తేగా! నేను ఖాతరు చేసే హెచ్చరిక లోకంలో ఒక్కటే, మా అమ్మ గొంతు. అమ్మ బళ్ళో టీచరు. ఊళ్ళో పిల్లలతో తేనె, నాతో గొడ్డుకారం. ఆవిడ నన్ను తిడుతుండగా ఫోనులో దొంగచాటుగా రికార్డు చేసి, కమాండు తప్పినప్పుడల్లా ఒక తిట్టు మోగేలా అమర్చాను. మీరు నవ్వుతారు గానీ, దాంతో నా తప్పులు నిజంగానే తగ్గాయి.

ఇంతలో అక్క సునీత నిశ్చితార్థం వచ్చింది. పెళ్ళికొడుకు ప్రశాంత్ వాళ్ళది వినుకొండ. చర్చిలో పాటల మాటలు తెర మీద చూపించే పని నాకు అప్పగించారు. నా కంప్యూటర్ని అక్కడి తెరకూ, స్పీకర్లకూ వైరుతో కలిపాను.

"ఒరేయ్ జోయెలూ, మామూలుగా మౌసుతో నొక్కరా, చాలు," అంది అక్క.

"మౌసా? నువ్వు చూస్తూ ఉండు. ఒక్కక్షరం కొడతా, పాట వచ్చేస్తుంది."

"రాకపోతే?"

"ఎందుకు రాదు?"

ఎందుకు రాదో దేవుడికి తెలుసు. ఆయన ఇల్లే కదా, ఒక్క మాట ముందే చెప్పొచ్చు!

పాస్టరు గారు మైకులో, "అమ్మాయి తల్లిగారు గొంతెత్తి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. అంత సాత్వికురాలు," అన్నారు. ముందు వరసలో అమ్మ కొంగు సర్దుకుని తల వంచుకుంది. ప్రశాంత్ ఉంగరం పట్టుకుని ముందుకు నడిచాడు. నేను ఠీవిగా ఒక అక్షరం కొట్టాను.

"ఒరేయ్ దున్నపోతా! కళ్ళెక్కడ పెట్టుకుని నడుస్తున్నావురా?"

చర్చిలో స్పీకర్లన్నీ ఒక్కసారే అరిచాయి. ప్రశాంత్ ఒంటికాలి మీద ఆగిపోయాడు. "ఏం తొక్కానండీ?" అని పాస్టరు గారిని దీనంగా అడిగాడు.

గొంతు ఆపడానికీ నేనొక అక్షరం పెట్టుకున్నాను. అది 'ఎమ్'మో, 'ఎన్'నో! 'ఎన్' కొట్టాను.

"ఇంతమందిలో పరువు తీస్తావురా సన్నాసీ!"

పాస్టరు గారు సర్దిచెబుదామని మైకు అందుకున్నారు. ఆయనకు బిర్యానీ అంటే ఎంత ప్రాణమో మా పేటంతటికీ తెలుసు. కంగారులో ఇంకేదో కొట్టాను.

"తిండికి మాత్రం అందరికంటే ముందుంటావు!"

ఆయన మైకు అక్కడే పెట్టేసి వెళ్ళి కూర్చున్నారు.

"ఒరేయ్ జోయెల్!"

ఇది రికార్డింగు కాదు, అమ్మే లేచి నిలబడింది. కానీ తేడా ఎవరికి తెలిసింది గనక! "అదిగో, మళ్ళీ మోగింది," అన్నారెవరో వెనక వరసలో.

నేను వైరు పీకేశాను. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అంతలో పెళ్ళికొడుకు తల్లి లేచింది. సంబంధం పోయిందనుకున్నాను. ఆవిడ నేరుగా అమ్మ దగ్గరికొచ్చింది.

"వదినగారూ, ఆ గొంతు మీదేనా?"

"నాదేనండీ," అంది అమ్మ, నేల చీలితే బాగుండునన్నట్టు.

"హమ్మయ్య! మీరు మరీ నెమ్మదస్తులని విని, మీతో ఎలా వేగాలా అని పొద్దుటి నుంచీ నోరు కట్టేసుకుని కూర్చున్నానండీ!" అని, ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. "ఒరేయ్ ప్రశాంతూ! ఆ కాలు దించి ఉంగరం తొడగరా, దున్నపోతా!"

మైకు లేకుండానే కిటికీ అద్దాలు అదిరాయి. అక్క ఏడుపు మధ్యలో పకపకా నవ్వేసింది. ప్రశాంత్ ఉంగరం తొడిగాడు.

అయ్యా, అమ్మా, ఎడమచేయి కీబోర్డు మీద, కుడిచేయి గుండె మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ శుభకార్యానికీ నోరున్న కంప్యూటరును తీసుకెళ్ళను. మా రెండు కుటుంబాల్లో ఆ కొరత ఎలాగూ లేదు.